తాండాకు పోలీసు పాసు, లారీకి పర్మిట్: దక్కన్ రోడ్డు రవాణాలో కుటుంబం, కులం, చట్టం

రోడ్డు రవాణా వ్యాపారాల చరిత్రను మన దగ్గర ఒకే తీరుగా రాస్తారు. ఫలానా పెద్దమనిషి ఒక్క బస్సుతోనో ఒక్క లారీతోనో మొదలుపెట్టాడు, పగలూ రాత్రీ కష్టపడ్డాడు, కొడుకులు అందుకున్నారు, ఇయ్యాల వందల బండ్లున్నాయి. 1911లో మదురైలో టి.వి. సుందరం అయ్యంగార్ బస్సుతో మొదలైన టీవీఎస్ కథ ఇట్లాంటిదే. 1976లో గదగ్‌లో పుస్తకాలు అచ్చువేసే కుటుంబం నుంచి వచ్చిన విజయ్ సంకేశ్వర్ ఒక్క లారీతో మొదలుపెట్టిన విజయానంద్ రోడ్‌లైన్స్ కథా ఇట్లాంటిదే. ఇవి అబద్ధాలు కావు. వాళ్ళు కష్టపడలేదని ఎవరూ అనరు. మన ప్రశ్న వేరు. లారీ రాకముందు దక్కన్‌లో రోడ్లు లేవా? సరుకులు కదలలేదా? తీరంలో పండిన ఉప్పు నాగపూర్ దాకా ఎట్లా పోయింది? బీరారు పత్తి మచిలీపట్నం రేవుకు ఎవరి వీపు మీద వచ్చింది?

మోసినవాళ్ళు ఉన్నారు. వాళ్ళవీ కుటుంబ వ్యాపారాలే. తండ్రి తర్వాత కొడుకు, తరం తర్వాత తరం చేసినవే. కానీ వాళ్ళ పేర్లు వ్యాపార చరిత్రలో దొరకవు, పోలీసు రికార్డుల్లో దొరుకుతాయి. ఒకే పని చేసిన రెండు రకాల కుటుంబాల్లో ఒకటి ‘పారిశ్రామిక కుటుంబం’గా, ఇంకొకటి ‘నేరస్థ జాతి’గా ఎట్లా మారాయో చూడటమే ఈ వ్యాసం పని.

కుటుంబమే కంపెనీ

లంబాడాల నోట ఈ వ్యాపారం పేరు ‘లదేణి’. అంటే ఎద్దుల మీద సరుకు వేసుకొని ఊళ్ళు దాటి అమ్ముకోవడం. బండ్లు కట్టేవాళ్ళు కాదు. వాగులు, కనుమలు, నల్లరేగడి దారుల్లో బండి చక్రం దిగబడుతుంది, ఎద్దు దిగబడదు. ఎద్దు వీపుకు రెండు పక్కలా గోనెలు వేలాడేసి నింపేవాళ్ళు. తాండా అనే మాటను ఇప్పుడు మనం లంబాడాలు ఉండే పల్లె అనే అర్థంలోనే వాడుతున్నాం. అప్పట్లో తాండా అంటే నడిచే బిడారు. అదే ఇల్లు, అదే గోదాము, అదే ఆఫీసు.

1632లో ఆగ్రా నుంచి పాట్నా పోయే దారిలో పీటర్ మండీ అనే ఇంగ్లీషు వర్తకుడు ఒక తాండాను చూశాడు. అందులో 14,000 ఎద్దులున్నాయని, అన్నీ ధాన్యం మోస్తున్నాయని రాసుకున్నాడు. అతను చెప్పిన కొలతను బట్టి ఒక్కో ఎద్దు మీద సుమారు 120 కిలోలు. లెక్క కడితే 1,680 టన్నులు. పదహారు టన్నులు ఎత్తే లారీలు నూటికి పైగా వరసగా పోతున్నట్టు ఊహించుకోండి. అదీ ఒక్క తాండా సంగతి. అదే శతాబ్దంలో ఈ దేశం తిరిగిన ఫ్రెంచి వర్తకుడు టవర్నియే, ఈ రవాణా జనం నాలుగు తెగలుగా ఉన్నారనీ, ఒక తెగ గోధుమల వంటి ధాన్యం, ఒకటి బియ్యం, ఒకటి పప్పులు, ఒకటి ఉప్పు మాత్రమే మోస్తాయనీ రాశాడు. పది పన్నెండు వేల ఎద్దుల బిడారు ఎదురైతే దారి దొరకడానికి రెండు మూడు రోజులు ఆగాల్సి వచ్చేదని కూడా చెప్పాడు.

ఈ కంపెనీలో జీతగాళ్ళు తక్కువ. ఆడవాళ్ళు, మగవాళ్ళు, పిల్లలు అందరూ పనివాళ్ళే. ఎద్దులను తోలడం, గోనెలు ఎత్తి దించడం, తాళ్ళు పేనడం, కావలి కాయడం అంతా ఇంటి చాకిరీయే. పైన నాయక్ ఉంటాడు. ఏ దారిన పోవాలి, ఎక్కడ దిగాలి, ధర ఎంత చెప్పాలి, తగవొస్తే ఎట్లా తీర్చాలి, అన్నీ అతని చేతిలో. ఇంత తక్కువ ఖర్చుతో ఇంత సరుకు కదలడానికి ఇంకో కారణం కూడా ఉంది. ఎద్దు మేస్తూ నడుస్తుంది. దారి పక్క గడ్డి, చెరువులో నీళ్ళు దొరికితే చాలు, ఇంధనం ఖర్చు లేదు. ఈ మాటను పాఠకులు గుర్తుపెట్టుకోవాలి. లదేణికి పెట్టుబడి ఎద్దయితే, దానికి డీజిల్ ఉమ్మడి గడ్డి. ఆ గడ్డి పోయిన రోజు వ్యాపారమూ పోయింది.

రాగి రేకు మీద పర్మిట్

షాజహాన్ కాలంలో ఆసఫ్ ఖాన్ సైన్యం వెంట దక్కన్‌కు వచ్చిన జంగీ, భంగీ అనే ఇద్దరు నాయక్‌ల కథ లంబాడాల్లో తరతరాలుగా ఉంది. వాళ్ళ వెంట 1,80,000 ఎద్దులుండేవట. ఎద్దులకు గడ్డీ నీళ్ళూ చాలక సైన్యం గుర్రాల వాళ్ళతో తగవు వస్తే, ఆసఫ్ ఖాన్ రాగి రేకు మీద బంగారు అక్షరాలతో హక్కు రాయించి ఇచ్చాడని చెబుతారు. ఎక్కడ కుండలో నీళ్ళున్నా తాగొచ్చు, ఇంటి కప్పు మీది గడ్డయినా ఎద్దులకు వేసుకోవచ్చు, రోజుకు మూడు హత్యలు మాఫీ. ఇందులో ఎంత చరిత్ర, ఎంత కథ అనేది వేరే చర్చ. బ్రిటిష్ కాలం నాటి పుస్తకాలు దీన్ని ఎక్కించుకున్నాయి. అవి చదివినవాళ్ళు ఎక్కువగా పట్టుకున్నది మూడో మాటనే, ‘చూశారా, పుట్టుకతోనే హంతకులు’ అనడానికి. మొదటి రెండు మాటలను చూడలేదు. ఒక రవాణా వ్యాపారి రాజ్యాన్ని అడగాల్సింది సరిగ్గా అవే: దారిలో నీళ్ళు, దారిలో మేత. జనం గుర్తు పెట్టుకున్న ఆ రాగి రేకు నిజానికి ఒక పర్మిట్.

యుద్ధాల కాలంలో ఈ తాండాలు లేకుండా ఏ సైన్యమూ కదలలేదు. 1791–92లో టిప్పు సుల్తాన్ మీదికి పోయిన కారన్‌వాలిస్ సైన్యానికీ, 1803లో మరాఠాల మీదికి పోయిన ఆర్థర్ వెల్లెస్లీ సైన్యానికీ ధాన్యం అందించింది వీళ్ళే. వెల్లెస్లీ వీళ్ళ గురించి రాసిన మాటలు జాగ్రత్తగా చదవాలి. వీళ్ళు సొంత డబ్బుతోనో కంపెనీ బయానా ఇచ్చిన డబ్బుతోనో ధాన్యం కొంటారు, తమ లెక్కలోనే బజారు ధరకు అమ్ముకుంటారు అని ఆయన వివరించాడు. అంటే కూలీలు కారు, వ్యాపారులు. నాయక్ మాట మీద నమ్మకంతో బయానా ఇచ్చేవాళ్ళు. కాగితం లేదు, తాకట్టు లేదు. బ్యాంకు భాషలో దీన్ని పరపతి అంటారు.

సేవాలాల్ మహరాజ్‌ను కూడా ఈ వెలుగులో చూడాలి. సంప్రదాయం ప్రకారం ఆయన 1739లో గుత్తి దగ్గర పుట్టాడు. తండ్రి భీమా నాయక్ పశువుల మందలున్న పెద్ద నాయక్. ఆయన్ను పూజించే జనం ఆయన్ను రాజుగానో బ్రాహ్మణుడిగానో ఊహించుకోలేదు. పశువుల కాపరిగా, లదేణి కుటుంబపు కొడుకుగానే గుర్తు పెట్టుకున్నారు.

తాండా స్వర్గం కాదు

ఇంత చెప్పాక ఇంకో మాట కూడా చెప్పాలి. అగ్రవర్ణ చరిత్రకారులు తమ వంశాలకు రంగులు వేసినట్టు మనమూ మన చరిత్రకు రంగులు వేస్తే ఉపయోగం లేదు. తాండా లోపలా మెట్లున్నాయి. డప్పు కొట్టే ఢాల్యాలను అంటరానివాళ్ళుగా చూసేవాళ్ళు. వాళ్ళ గుడిసెలు తాండాకు ఎడంగా ఉండేవి. 1909లో అచ్చయిన థర్స్‌టన్ సంపుటాల్లోనూ ఈ సంగతి ఉంది. తిరిగే జనం మధ్య కూడా కులం తిరిగింది. ఆడవాళ్ళ చాకిరీ లేకుండా బిడారు ఒక్క రోజు నడవదు, కానీ నాయక్ పదవి మగవాడిదే. ‘కుటుంబ వ్యాపారం’ అనే మాట వినగానే మనకు సొంత ఇల్లులాంటి భావన కలుగుతుంది. ఎవరి కుటుంబం, అందులో ఎవరి చాకిరీకి లెక్క ఉంది, ఎవరి చాకిరీకి లేదు అని తాండానూ అడగాలి, లారీ కంపెనీనీ అడగాలి.

ఉప్పు, రైలు, పుల్లరి

లదేణి దానంతట అది చావలేదు. మూడు దెబ్బలు పడ్డాయి.

మొదటి దెబ్బ ఉప్పు. 1805లో మద్రాసు ప్రెసిడెన్సీలో కంపెనీ ఉప్పు మీద గుత్తాధిపత్యం పెట్టింది. అంతకు ముందు కొటారుల దగ్గర నేరుగా బేరమాడిన నాయక్, ఇప్పుడు సర్కారు చెప్పిన ధరకు కొనాల్సి వచ్చింది. ఈ దెబ్బ లంబాడాలకే కాదు, ఎరుకలకూ తగిలింది. ఎరుకలు గాడిదల మీదా ఎద్దుల మీదా తీరం ఉప్పును లోపలికి, లోపలి ధాన్యాన్ని తీరానికి మోసేవాళ్ళు. వాళ్ళలో ఒక శాఖ పేరే ఉప్పు ఎరుకల. మీనా రాధాకృష్ణ తన పరిశోధనలో చూపించింది ఈ చరిత్రనే.

రెండో దెబ్బ రోడ్లూ రైళ్ళూ. 1818 తర్వాత పెద్ద యుద్ధాలు తగ్గాయి, సైన్యాల బేరం పోయింది. మంచి రోడ్లు పడ్డాక ఎడ్లబండ్లు ఎక్కువయ్యాయి. 1874లో వాడి నుంచి సికింద్రాబాద్‌కు రైలు వచ్చింది. 1889 నాటికి అది బెజవాడ దాకా కలిసింది. రేవుకు పోయే పత్తి, రేవు నుంచి వచ్చే ఉప్పు రైలు పెట్టెలకెక్కాయి. మధ్యలో 1876–78 కరువు. మనుషులతోపాటు లక్షల పశువులు చచ్చాయి. లదేణి కుటుంబానికి ఎద్దు చావడమంటే లారీ కాలిపోవడమే. ఇన్సూరెన్స్ ఇచ్చేవాడు ఎవడూ లేడు.

మూడో దెబ్బ గడ్డి. అడవులను సర్కారు గిరిగీసి పట్టుకుంది. మేతకు పుల్లరి కట్టమన్నారు, ఇంకొన్ని చోట్ల అడుగే పెట్టొద్దన్నారు. కథలోని రాగి రేకు మీద ఉన్న హక్కు అటవీ చట్టం కింద నేరమైంది. ఉద్యోగంతోపాటు డీజిల్ కూడా లాగేసుకున్నట్టయింది. భంగ్యా భూక్యా 2010లో అచ్చయిన తన పుస్తకంలో నిజాం రాజ్యంలో లంబాడాల సంచార జీవితం ఎట్లా అణగదొక్కబడిందో వివరంగా రాశాడు. అది లంబాడా బిడ్డ రాసిన లంబాడా చరిత్ర కావడం చిన్న విషయం కాదు.

తిరగడమే నేరం

బతుకు పోయినవాళ్ళకు సర్కారు ఏమిచ్చింది? 1871లో నేరస్థ జాతుల చట్టం ఇచ్చింది. మొదట ఉత్తర భారతంలో వచ్చిన ఈ చట్టాన్ని 1911లో సవరించి మద్రాసు ప్రెసిడెన్సీకి కూడా తెచ్చారు. ఒక జాతిని నోటిఫై చేస్తే చాలు, అందులో పుట్టినవాళ్ళు పేరు రాయించుకోవాలి, వేలిముద్ర వేయాలి, పోలీసు ముందు హాజరు పలకాలి. ఊరు దాటాలంటే పాసు కావాలి.

ఆ పాసు దగ్గర కొంచెం ఆగి ఆలోచించాలి. రవాణా వ్యాపారం అంటేనే ఊరు దాటడం. ఊరు దాటడానికి పోలీసు పాసు కావాలన్న రోజు ఆ జాతికి రవాణా వ్యాపారం చట్టరీత్యా అసాధ్యమైంది. ‘వీళ్ళకు వ్యాపార బుద్ధి లేదు’ అని తర్వాత కాలంలో అన్నవాళ్ళు ఈ ఒక్క సంగతి తెలుసుకుంటే చాలు. బాపట్ల దగ్గర సాల్వేషన్ ఆర్మీ నడిపిన స్టూవర్టుపురం సెటిల్‌మెంట్‌లో ఎరుకలను కూర్చోబెట్టి ‘కష్టపడటం’ నేర్పుతామన్నారు. తరతరాలుగా గాడిదల వెంట నడిచి ఉప్పు అమ్మినవాళ్ళకు కష్టం నేర్పడం! ఆ సెటిల్‌మెంట్ చాకిరీ చీరాల పొగాకు ఫ్యాక్టరీకి పనికొచ్చింది. వ్యాపారి కూలీ అయ్యాడు, పైగా నిఘాలో ఉన్న కూలీ.

నిజాం ఇలాకాలో తాండాలు నేలకు అతుక్కున్నాయి. అడవి నరికి సాగు చేసుకున్న భూమి మీద దేశ్‌ముఖుల కన్ను పడింది. తెలంగాణ సాయుధ పోరాటంలో జనగామ తాలూకా ధర్మాపురం లంబాడాలు తమ భూమి కోసం నిలబడింది, జాటోత్ ఠాను నాయక్ ప్రాణాలిచ్చింది ఈ నేపథ్యంలోనే. 1952 ఆగస్టు 31న నేరస్థ జాతుల చట్టం రద్దయింది. చట్టం పోయినా దొంగతనం జరగగానే ముందు తాండావైపు, ఎరుకలవాడవైపు నడిచే పోలీసు అలవాటు అంత తొందరగా పోలేదు.

పర్మిట్ ఎవరికి దొరికింది?

ఇప్పుడు లారీ దగ్గరికి వద్దాం. తాండాలు పాసుల కింద, పుల్లరి కింద నలుగుతున్న ఆ కాలంలోనే మోటారు బండి వచ్చింది. 1932లో నిజాం సర్కారు రైల్వే శాఖ కింద 27 బస్సులతో రోడ్డు రవాణా మొదలైంది. 1939 మోటారు వాహనాల చట్టం సరుకు మోసే బండ్లకు పర్మిట్ పద్ధతి తెచ్చింది. రైళ్ళ ఆదాయం కాపాడటం ఇందులో ఒక ఉద్దేశం. పర్మిట్లు తక్కువ, అడిగేవాళ్ళు ఎక్కువ. ఆఫీసుకు పోయి అర్జీ రాయగలిగినవాడికి, అధికారి ముందు కుర్చీలో కూర్చోగలిగినవాడికి పర్మిట్ దగ్గరవుతుంది. పోలీసు ముందు హాజరు పలికేవాడికి ఆ కుర్చీ ఎంత దూరం!

లారీ కొనాలంటే అప్పు కావాలి. అప్పు నమ్మకం మీద పుడుతుంది. మన దేశంలో నమ్మకం కులం గుండా, బంధుత్వం గుండా ప్రవహిస్తుంది. భూమి ఉన్నవాడు భూమి తాకట్టు పెడతాడు, లేనివాడికి మేనమామ జామీను ఉంటాడు. మేనమామ కూడా కూలీయే అయితే? టీవీఎస్ కుటుంబాన్నే చూడండి. బస్సులూ లారీలూ నడిపిన ఆ కుటుంబం నుంచే టి.ఎస్. సంతానం 1954లో సుందరం ఫైనాన్స్ పెట్టాడు, బండ్లు కొనేవాళ్ళకు అప్పులివ్వడానికి. ఇది తెలివైన పని, తప్పేమీ కాదు. కానీ ఒక కుటుంబం రోడ్డు మీద బండినీ, ఆ బండికి అప్పునూ రెండింటినీ కట్టుకోగలిగిన కాలంలో, ఇంకో కుటుంబం చేతిలో రెండేళ్ళ ముందే రద్దయిన పోలీసు పాసు తప్ప ఏమీ లేదు. పరుగు ఒకే గీత దగ్గర మొదలు కాలేదు. 1969లో బ్యాంకులు జాతీయమయ్యాయి, 1975లో నేషనల్ పర్మిట్ వచ్చింది, 1988 చట్టం అమలైన 1989 నుంచి పర్మిట్లు సులువయ్యాయి. అప్పటికి బరిలో ఉన్నవాళ్ళు రెండు తరాలు ముందు పోయారు.

ఇక మన వాడల సంగతి. రవాణాలో దళితుల చరిత్ర వ్యాపారంతో మొదలు కాలేదు, వెట్టితో మొదలైంది. తెలంగాణ పల్లెల్లో అధికారి వస్తే అతని సామాను పక్క ఊరి దాకా మోయడం మాల మాదిగల వెట్టి. కూలి లేదు, కాదనే హక్కు లేదు. బరువు మోయడానికి పనికొచ్చిన మనిషి బండెక్కడానికి పనికిరాలేదు. 1901లో తండ్రిని చూడటానికి బయలుదేరిన అంబేడ్కర్, ఆయన అన్న, మేనల్లుళ్ళు రైలు దిగాక వాళ్ళ కులం తెలిసి బండివాళ్ళు రామన్నారు. రెట్టింపు కిరాయి ఇస్తామంటే ఒకడు ఒప్పుకున్నాడు, అదీ పిల్లలే తోలుకోవాలి, తాను పక్కన నడుస్తాడు. మైల పడకుండా పైసలు మాత్రం తీసుకున్నాడు. రోడ్డు అందరిదీ అనే మాట ఎంత కొత్తదో ఇది చదివితే తెలుస్తుంది.

లారీలు వచ్చాక వెట్టి పోయి హమాలీ వచ్చింది. మా నాయన మార్కెట్ యార్డులో బస్తాలు మోశాడు. ఆ కూలితోనే మా ఇంట్లో మొదటిసారి ఒకరు కాలేజీ గడప తొక్కారు. లారీ నొసటి మీద ఫలానా ‘అండ్ సన్స్’ అనో ‘బ్రదర్స్’ అనో రంగుల్లో రాసుంటుంది. కింద బస్తా ఎత్తేటోడికీ కొడుకులున్నరు, అన్నదమ్ములున్నరు, వాళ్ళూ అదే యార్డులో అదే పనిలో ఉంటారు. దాన్ని మాత్రం ఎవరూ కుటుంబ వ్యాపారం అనరు. బస్తాకింత అని లెక్క. నడుము పడిపోతే లారీ ఓనరు ‘నా మనిషి కాదు’ అంటాడు, వ్యాపారి ‘నా మనిషీ కాదు’ అంటాడు. మహారాష్ట్రలో 1969లో మాథాడి కార్మికుల చట్టం వచ్చింది, మన దగ్గర 1976లో ముఠా, జట్టు, హమాలీల చట్టం చేశారు. చట్టం పుస్తకంలో ఉంది, బస్తా వీపు మీద ఉంది.

మన ముందున్న పని

ఈ చర్చను ‘మాకూ లారీలు కావాలి’ అనే దగ్గర ఆపకూడదు. లారీలు కావాలి, అప్పులు కావాలి, ఎస్సీ, ఎస్టీ కార్పొరేషన్ల సబ్సిడీలు కాగితం మీద కాక చేతికందాలి. అది ఒక పోరాటం. ఇంకో పోరాటం జ్ఞాపకానికి సంబంధించింది. ఒక జాతికి వ్యాపారం చేతకాదని నమ్మించడానికి ముందు ఆ జాతి చేసిన వ్యాపారాన్ని చరిత్రలోంచి తీసేయాలి. లంబాడాల విషయంలో, ఎరుకల విషయంలో జరిగింది ఇదే. 14,000 ఎద్దుల బిడారును ‘సంచారం’ అన్నారు, ఒక్క లారీని ‘సంస్థ’ అన్నారు.

చదువుకుంటున్న విద్యార్థులు, పంతుళ్ళు చేయగల పని ఒకటుంది. తాండాల్లో ఆడవాళ్ళు పాడే పాటల్లో, సామెతల్లో, తెగల పేర్లలో లదేణి దారులు ఇంకా ఉన్నాయి. ఏ కనుమ దిగేవాళ్ళు, ఏ చెరువు దగ్గర ఆగేవాళ్ళు, ఉప్పుకు బదులు ఏమి తెచ్చేవాళ్ళు అని అడిగి రాసిపెట్టాలి. ఢాల్యాలను వేరుగా అడగాలి, ఎందుకంటే వాళ్ళ జవాబు నాయక్ జవాబులాగా ఉండదు. హమాలీ సంఘాల పాత కూలి రేట్ల కాగితాలు, మినిట్స్ పుస్తకాలు చెదలు పట్టకముందే సేకరించాలి. 2018 చట్టంతో తెలంగాణలో ఎన్నో తాండాలు గ్రామ పంచాయతీలయ్యాయి. పంచాయతీ ఆఫీసు గోడ మీద సర్పంచి పేరుతోపాటు ఆ తాండా ఏ దారిన వచ్చి అక్కడ ఆగిందో కూడా రాసే రోజు రావాలి. ఎద్దుకు గడ్డి ఆపినవాళ్ళెవరో, మనిషికి పాసు పెట్టినవాళ్ళెవరో అదే గోడ మీద రాయాలి.